కామిక్స్ పెట్టె పంపుతూ మేనకోడలికి

అమ్మాయీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, ఈ వేసవి సెలవుల్లో నువ్వు తలపెట్టిన పని గురించి చెప్పింది. ముందుగది ఖాళీ చేయించి, చుట్టుపక్కల పిల్లలందరినీ పోగేసి, రోజూ మధ్యాహ్నాలు కామిక్స్ చదివిస్తావట. అందుకు నా పెట్టె కావాలట. నన్ను అడగడానికి మొహమాటపడి మీ అమ్మ చేత అడిగించావట. నా మెడ మీదెక్కి కూర్చుని పేజీలు తిప్పించుకున్న దానివి, నీకు మొహమాటం ఎప్పటి నుంచి?

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. కొంత సంతోషం వల్ల. మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి అంటుకుందన్న గర్వం వల్ల ఇంకొంత. మిగతాదంతా భయం. ఏమిటా భయం అని మీ అమ్మ అడిగితే చెప్పలేదు, నవ్వుతుందని. నీకు రాస్తున్నాను. పెట్టె పంపుతున్నాను గానీ, తాళం తీసే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

మామూలు సంగతులు నీకు చెప్పనక్కరలేదు. తాగే నీళ్లు పుస్తకాలకు దూరంగా పెట్టు. చేతులు తుడుచుకుని రమ్మను. కుర్చీలు వెయ్యకు, చాప చాలు. కామిక్స్ బోర్లా పడుకుని చదవాల్సినవి. ఫోన్లు బయట పెట్టమని పిల్లలకు చెప్పే ముందు నీ ఫోన్ బయట పెట్టు. అంతే.

ఇక కాగితం. పెట్టెలో ఉన్నవాటిలో చాలావరకు పత్రికలు అచ్చువేసే చవక కాగితం మీద వచ్చినవే. చెక్కగుజ్జుతో చేసే ఆ కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం మిగిలిపోతుంది. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ అది కాగితాన్ని పసుపు చేస్తుంది, పోను పోను గోధుమరంగుకు తిప్పుతుంది. కాగితంలో పుట్టే ఆమ్లం దాన్ని పెళుసు చేస్తుంది. అందుకని పుస్తకాలను కిటికీ పక్కన సర్దకు. చదివే పిల్లలు కిటికీ దగ్గర కూర్చుంటే మాత్రం కూర్చోనీ. ఒక్క మధ్యాహ్నం ఎండకు పుస్తకానికి ఏమీ కాదు. నెలల తరబడి ఒకే చోట ఎండ తింటేనే ముప్పు.

పిన్నులు చూసుకో. తుప్పు పట్టిన పిన్ను చుట్టూ మచ్చ పడి, కాగితం మొదట అక్కడే తెగుతుంది. అలాంటివి పక్కన పెట్టి నాకు చెప్పు, నువ్వు పీకకు. పిన్నులు కొట్టిన పుస్తకాన్ని ఎప్పుడైనా విప్పి చూశావా? 32 పేజీల పుస్తకమంటే ఎనిమిది కాగితాలు, మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి దూర్చినవి. అన్నిటికంటే పైన ఉండే కాగితంలో ఒక సగం మీద మొదటి రెండు పేజీలు, రెండో సగం మీద చివరి రెండు పేజీలు ఉంటాయి. చివరి ఆకు ఊడిపోతే మొదటి ఆకుకు పట్టు పోతుంది. అది కూడా కొన్నాళ్లకు జారిపోతుంది. నా పెట్టెలో మొదలూ చివరా లేని పుస్తకాలు చాలా ఉన్నాయి, అన్నీ అలా పోయినవే. చివరి ఆకు గురించి ఇంకా చెప్పాల్సింది ఉంది. కాసేపు ఆగు.

చిరిగిన చోట ఆ మెరిసే టేపు మాత్రం అంటించకు. ఈ ఒక్క మాట కావాలంటే గోడ మీద రాసుకో. అంటించిన రోజు చక్కగా కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగుకు తిరుగుతుంది. ప్లాస్టిక్ పట్టీ ఎండి రాలిపోతుంది, మచ్చ మాత్రం ఉండిపోతుంది. తప్పనిసరైతే పలచటి కాగితం పట్టీ చించి, పిండి జిగురు నీళ్లలా పలచగా చేసి అంటించు. అదీ చేతకాకపోతే చిరుగును చిరుగులాగే వదిలెయ్యి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ముందుముందు తెలుస్తుంది.

చిన్నవాళ్లకు చదివి వినిపించేటప్పుడు జాగ్రత్త. మీ తాతయ్య మమ్మల్ని కామిక్స్ చదవొద్దని ఎప్పుడూ అనలేదు. ఆ రోజుల్లో అదే పెద్ద వరం. కానీ ఒకసారి నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, నిలబడే ఐదు నిమిషాల్లో తిరగేసి, "ఇంతేనా?" అని తిరిగి ఇచ్చేశారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆయన చదివింది బుడగల్లోని మాటలు మాత్రమే. బొమ్మలు చూడలేదు. ఒక గడిలో విలన్ చెయ్యి కత్తి మీద ఉంటుంది, పక్క గడిలో దీపం ఆరిపోయి ఉంటుంది. ఆ రెండు గడుల మధ్య ఉన్న సన్నటి తెల్ల సందులో ఏం జరిగిందో ఎవరూ రాయరు, ఎవరూ గీయరు. చదివేవాడే ఊహించుకోవాలి. కనుక నువ్వు బుడగలు గబగబా చదివేసి పేజీ తిప్పకు. ఒక గడి చదివి ఆగు. పిల్లల కళ్లు బొమ్మంతా తిరిగి వచ్చాక రెండో గడికి వెళ్లు. మొదట్లో నీకు విసుగు పుడుతుంది, వాళ్లకు పుట్టదు.

పేజీ చివరి గడి దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగు. 1929లో టిన్‌టిన్ అనే బెల్జియం కామిక్ మొదలైనప్పుడు అది పుస్తకం కాదు, పత్రికతో పాటు వచ్చే పిల్లల అనుబంధంలో వారం వారం రెండేసి పేజీలు. మళ్లీ వారం దాకా పిల్లలు ఎదురుచూడాలంటే ఆఖరి గడిలో ఏదో ఒకటి వేలాడుతూ ఉండాలి. తర్వాత పుస్తకాలుగా వచ్చినా ఆ అలవాటు పోలేదు. తలుపు తెరుచుకుంటుంది, ఎవరో అరుస్తారు, పేజీ అయిపోతుంది. అక్కడ ఆగి నీళ్లు తాగు. పిల్లలు నిన్ను తిడతారు. తిట్టనీ.

ఇంకో సరదా చెబుతాను, దీనికి పెద్ద ఖర్చు లేదు. గదిలో ఒక భూతద్దం పెట్టు. పాత పుస్తకాల్లో వీరుడి బుగ్గ మీద దాన్ని ఆనించి చూస్తే బుగ్గ మాయమై, తెల్ల కాగితం మీద గులాబీ చుక్కలు కనిపిస్తాయి. అడవి పచ్చదనం నీలి చుక్కలూ పసుపు చుక్కలూ కలిసి కట్టిన నాటకం. నీలం, గులాబీ, పసుపు, నలుపు, ఈ నాలుగు సిరాలే. ఒక్కో సిరా ఒక్కోసారిగా కాగితం మీద పడుతుంది కనుక, అచ్చులో వెంట్రుకవాసి తేడా వచ్చినా రంగు గీత దాటిపోతుంది. నా పుస్తకం ఒకదానిలో ఒక రాణిగారి పెదవుల ఎరుపు పక్కకు జరిగి చెంప మీద పడింది. ఆవిడను ఎవరో చెంపదెబ్బ కొట్టారనీ, ఆ సంగతి కథలో దాచారనీ మీ అమ్మ వారం రోజులు వాదించింది. అప్పుడు దానికి ఎనిమిదేళ్లు.

రంగుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. పత్రికలో రోజూ వచ్చే, ఫాంటమ్ అనే ముసుగు వీరుడి గడులు కత్తిరించి నోటుపుస్తకంలో అతికించేవాణ్ణి. అవి నలుపు తెలుపు. ఒక మధ్యాహ్నం నేను నిద్రపోయి లేచేసరికి మీ అమ్మ ఫాంటమ్ దుస్తులన్నిటికీ ఆకుపచ్చ క్రేయాన్ పూసి పెట్టింది. నేను దాని జడ పట్టుకుని లాగాను, ఇద్దరం దెబ్బలు తిన్నాం. ఊదా రంగే అసలు రంగని నా నమ్మకం. పెద్దయ్యాక చదివితే తెలిసింది. 1936లో లీ ఫాక్ ఆ పాత్రను మొదలుపెట్టినప్పుడు ఆయన మనసులో ఉన్నది బూడిద రంగట. 1939లో ఆదివారం రంగుల పేజీ వచ్చాక అచ్చులో ఊదా అయింది. ఇటలీలో ఎరుపు, స్వీడన్‌లో నీలం. ఇన్ని రంగులుండగా ఆకుపచ్చ తప్పని అనడానికి నా దగ్గర ఆధారమేమీ మిగల్లేదు. ఈ సంగతి మీ అమ్మకు ఇప్పటిదాకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

కొందరు తల్లిదండ్రులు వచ్చి, "సెలవుల్లో మంచి పుస్తకాలు చదివించకుండా ఈ బొమ్మలేమిటి?" అంటారు. వాదన పెట్టుకోకు. ఈ భయం పాతదే. అమెరికాలో 1940ల చివర్లో బడి పిల్లల చేతనే కామిక్స్ కుప్పలు పోయించి తగలబెట్టించారు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు, కామిక్స్ వల్లే పిల్లలు నేరాలు చేస్తున్నారని పెద్ద పుస్తకం రాశాడు. సెనేట్ విచారణ జరిగింది. ప్రచురణకర్తలు భయపడి తమకు తామే నియమావళి రాసుకున్నారు. వెర్తమ్ కాగితాలు తిరగేసిన కారల్ టిల్లీ అనే పరిశోధకురాలు, పిల్లలు చెప్పిన మాటలను ఆయన మార్చాడనీ, కలిపాడనీ, పెంచాడనీ 2012లో బయటపెట్టింది. ఇదంతా వచ్చినవాళ్లకు ఉపన్యాసంగా చెప్పమని కాదు. నీకు ధైర్యంగా ఉంటుందని రాశాను. వచ్చినవాళ్లను చాప మీద కూర్చోబెట్టి ఒక పుస్తకం చేతిలో పెట్టు. చాలామంది లేవరు.

ఏ పిల్లో జపాన్ కామిక్స్ తెస్తే, అది వెనక నుంచి మొదలవుతుంది, గడులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అచ్చు తప్పనుకోకు. నేను అనుకున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంతసేపూ దాని చుట్టే తిరుగుతున్నానని నాకు తెలుసు.

నువ్వు ఒక రిజిస్టరు పెడతావని మీ అమ్మ మెచ్చుకుంటూ చెప్పింది. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారు, ఎప్పుడు తెచ్చారు, ఏ స్థితిలో తెచ్చారు, అన్నీ రాస్తావట. ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంది. నేనూ పెట్టాను అలాంటిది. పన్నెండేళ్ల వయసులో, వేసవి సెలవుల్లో, మెట్ల కింద. పొడుగాటి ఖాతా పుస్తకంలో స్కేలుతో గళ్లు కొట్టాను. పేరు, పుస్తకం, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ. ఆఖరి గడి పేరు "స్థితి". ఆ మాట ఎక్కడో చూసి నేర్చుకున్నాను, రాసుకుని తెగ మురిసిపోయాను. మీ అమ్మ రబ్బరు చెక్కి ముద్ర తయారు చేసింది. ఆలస్యంగా తెస్తే రెండు రోజులు పుస్తకం లేదు. పాడుచేస్తే వారం లేదు. ఎవరు పుస్తకం తిరిగిచ్చినా వాళ్ల ముందే పేజీలు లెక్కపెట్టేవాణ్ణి, నోట్ల కట్ట లెక్కపెట్టినట్టు.

ఆ వేసవిలో ఎదురింటికి బంధువుల పిల్లవాడొకడు సెలవులకు వచ్చాడు. తొమ్మిదేళ్లుంటాయేమో. మాటలు తక్కువ. మిగతా పిల్లలు మధ్యాహ్నానికి నాలుగు పుస్తకాలు నమిలేస్తుంటే వీడు ఒక్కదానితోనే సాయంత్రం దాకా కూర్చునేవాడు. మందబుద్ధి అనుకున్నాను. మెట్ల కింద ఏసీ లేదు, ఫ్యాను లేదు. చెమట కారుతున్నా కదలకుండా, వేలు గడి మీద పెట్టుకుని, తర్వాత గడికి జరిపి, మళ్లీ వెనక్కి తెచ్చి చూసేవాడు. ఒకరోజు, ఇంటికి తీసుకెళ్తానని అడిగాడు. రాసుకుని ఇచ్చాను. మర్నాడు తేవాలి. నాలుగో రోజు తెచ్చాడు.

అందరి వెనకా నిలబడ్డాడు. వాడి వంతు వచ్చాక పుస్తకం ఇచ్చి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. లెక్కపెట్టాను. చివరి ఆకు లేదు. దాని స్థానంలో గీతల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, సరిగ్గా పుస్తకం కొలతకు కత్తిరించి, మడతలో దూర్చి ఉంది. దాని మీద పెన్సిలుతో ఆరు గడులు. స్కేలుతో కొట్టిన గీతలు. బుడగల్లో అక్షరాలు పట్టక బయటికి పొర్లాయి. వీరుడి చేతులు వేయడం రాలేదు కాబోలు, ఆరు గడుల్లోనూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబెట్టాడు. ఆఖరి గడిలో ఒక కుక్క, తోక పైకెత్తి వీరుడి మోకాలి దగ్గర ఉంది.

పోయిన ఆకు ఎలా పోయిందో నేను అడగలేదు. ఆ కాగితం పైకెత్తి అందరికీ చూపించాను. "చేతులేవిరా? నరికేశారా?" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వు బాగుందనిపించింది, ఇంకాస్త కావాలనిపించింది. "కుక్క ఎక్కడి నుంచి వచ్చింది? ఈ కథ చివర కుక్క లేదు. నేను ఇరవైసార్లు చదివాను. పోగొట్టిందీ కాక అబద్ధం కూడా రాశావు" అన్నాను. వాడు ఒక్క మాటే అన్నాడు. "ఉంది కదా." ఎక్కడ ఉందని నేను అడిగి ఉంటే వాడు చూపించేవాడు.

ఎర్ర సిరాతో, స్థితి గడిలో, "చివరి ఆకు పోయింది, దొంగ పేజీ పెట్టాడు" అని రాశాను. ఆ కాగితాన్ని సాక్ష్యంగా రిజిస్టరులో పక్క పేజీకి అంటించాను. నాలుగు వైపులా టేపుతో. వాడు మళ్లీ రాలేదు. రెండు మూడు రోజులు ఎదురింటి అరుగు మీద కూర్చుని మా మెట్ల వైపు చూడకుండా ఉండటం చూశాను. చూడకుండా ఉండటానికి కూడా చాలా కష్టపడాలని అప్పుడు తెలియదు. సెలవులు అయిపోయాయి. వాడి పేరు రిజిస్టరులో ఉంది. ఆ తర్వాత ఏ వేసవికీ రాలేదు.

ఇదంతా నేను సుఖంగా మరిచిపోయాను. గుర్తు చేసింది నువ్వు. నీకు ఐదేళ్లప్పుడు, జ్వరమొచ్చి మంచం మీద ఉంటే, ఈ పెట్టెలోంచి ఆ పుస్తకమే తీసి చదివి వినిపించాను. చివరి ఆకు లేదు కాబట్టి ముగింపు నోటితో చెప్పాను. వీరుడు విలన్‌ను పోలీసులకు అప్పగించి, సూర్యుడు దిగుతుంటే వెళ్లిపోయాడు, కథ అయిపోయింది అన్నాను. నువ్వు అవలేదన్నావు. "మామయ్యా, కుక్కను ఎవరు విప్పారు?" అని అడిగావు.

ఏ కుక్క అన్నాను. పుస్తకం లాక్కుని తొమ్మిదో పేజీ తెరిచావు. వీరుడు గుహలోకి వెళ్లే ముందు, మూలనున్న ఒక చిన్న గడిలో, కుక్కను చెట్టుకు కట్టేస్తాడు. బుడగ లేదు, మాట లేదు. పదో పేజీలో లేదు, పన్నెండులో లేదు, ఎక్కడా లేదు. ఇంకో ప్రతి సంపాదించి చివరి పేజీ కూడా చూశాను. అక్కడా లేదు. గీసినవాళ్లు దాన్ని చెట్టు దగ్గరే వదిలేసి మరిచిపోయారు. ఇరవైసార్లు చదివిన నేను ఒక్కసారీ చూడలేదు. వాడు చూశాడు. పోయిన ఆకు మళ్లీ గీయాల్సి వచ్చినప్పుడు, చేతులు గీయడం రాకపోయినా, కుక్కను మాత్రం ఇంటికి తెచ్చాడు.

ఆ రాత్రి రిజిస్టరు వెతికి తీశాను. టేపు గోధుమరంగుకు తిరిగి, వాడి గీతల మీదికి మరకలు పాకాయి. తీసేద్దామని ఒక మూల గోటితో పట్టుకుని లాగాను. కాగితం పైపొర దానితో పాటు వచ్చింది. కుక్క తోక పోయింది. మిగతా మూడు మూలలూ ముట్టుకోలేదు.

కాబట్టి రిజిస్టరు పెట్టకు. పెట్టకుండా ఉండలేనంటే, నీది మీ అమ్మ పోలిక కనుక ఉండలేవు, పేరూ పుస్తకమూ రాసుకుని ఊరుకో. స్థితి గడి కొట్టకు. పేజీలు లెక్కపెట్టాలంటే పిల్లలు వెళ్లిపోయాక లెక్కపెట్టుకో. కొన్ని పోతాయి. నా పుస్తకాలు కదా అని నువ్వు హడలిపోతావని నాకు తెలుసు. పోతే నాకు చెప్పు, పోయింది అని ఒక్క ముక్క, ఎవరు పోగొట్టారో చెప్పకు. నాకు కోపం రాదని మాట ఇవ్వలేను. ఉక్రోషం మనిషినని నీకు తెలుసు. వచ్చినా అది నా దగ్గరే ఉంటుంది.

ఆకులు పోయిన పుస్తకాలు పెట్టెలో విడిగా కట్టి ఉంచాను. ఆ కట్ట దగ్గర తెల్ల కాగితాలూ, పెన్సిళ్లూ, ఒక రబ్బరూ పెట్టు. ఏమీ చెప్పకు. గీస్తే గీస్తారు, లేకపోతే లేదు.

అక్కడ గట్టిగా మాట్లాడకు. నీ గొంతు పెద్దది, చిన్నప్పటి నుంచీ చెబుతున్నాను. నెమ్మదిగా చదివే పిల్ల ఉంటే దాని దగ్గరికి వెళ్లి ఎంతవరకు వచ్చావని అడగకు. మధ్యమధ్య నువ్వూ ఒక పుస్తకం తీసుకుని వాళ్ల మధ్య బోర్లా పడుకో. ఎండలో అటూ ఇటూ తిరగకు. మీ అమ్మ, నువ్వు చిక్కిపోయావంటోంది. ఫోటోలో నాకు అలా కనిపించలేదు గానీ, అది చెబితే ఇద్దరూ నన్నే అంటారు.

తాళంచెవి కవరులో పెట్టాను. మూత కుడివైపు బిగుసుకుని ఉంటుంది, కొంచెం ఎత్తి లాగు. అన్నిటికంటే అడుగున, గుడ్డలో చుట్టి, ఆ రిజిస్టరు ఉంది. దాని పక్కనే ఆ పుస్తకం. రిజిస్టరు నీకు మాత్రమే. టేపు జోలికి పోకు. పుస్తకం మాత్రం చాప మీద మిగతావాటితో కలిపి పెట్టు, ప్రత్యేకంగా ఎవరికీ చూపించకు.

పిల్లల్లో ఎవరైనా తొమ్మిదో పేజీ దగ్గర ఆగి, కుక్కను ఎవరు విప్పారని అడిగితే నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా సరే.

మీ మామయ్య